గంగులు జీపులో జీపెక్కడ?

ఇసకలపేట గంగులు ఒకసారి తన జీపులోనే కూచుని, తన జీపు కోసం మూడు గంటలు వెతికాడు.

నమ్మకపోతే మీ ఇష్టం. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్ళి, తారురోడ్డు అయిపోయిన చోట నిలబడి, కనబడిన మొదటి మనిషిని అడగండి. ముందు పడవ దుంగ, వెనక నిచ్చెన, పైన ఒక గొట్టం, పక్కన ఇంకో గొట్టం, గొట్టానికీ గొట్టానికీ మధ్య ఒక తట్ట. ఇన్ని బిగించేసరికి అసలు జీపు లోపలెక్కడో మాయమైపోయింది. గంగులు స్టీరింగు చేత్తో పట్టుకునే, "ఒరే తిన్నాదూ, మన బండేదిరా?" అని అరిచాడు. మూడు గంటలన్నది ఆ తిన్నాదు, అంటే త్రినాథ్, చెప్పిన లెక్క. త్రినాథ్ గంగులుకి స్వయానా బావమరిది. అతని మాటలో పావు వంతు నిజం, ముప్పావు వంతు ఉప్పుగాలి. కానీ గంగులు విషయంలో ఆ పావు వంతే ఎక్కువ.

గంగులుకి తాగుడు లేదు, పేకాట లేదు, నోటివెంట ఒక బూతుమాట లేదు. ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఏ వస్తువు కంటపడినా, అది తన జీపుకి ఎక్కడ బిగిస్తే బాగుంటుందా అని చూస్తాడు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని చూడడు, పందిరి గొట్టాలు చూస్తాడు. పరామర్శకి వెళితే పోయినాయన ఫోటో చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఫోటో ఫ్రేము చూసి కళ్ళు తుడుచుకుంటాడు.

"ఇది మన బండికైతేనా!" అంటాడు.

ఆ ఒక్క మాట వినబడితే చాలు, ఇసకలపేటలో ఆడవాళ్ళు బిందెలు లోపల పెట్టి తలుపులేసుకుంటారు. మగవాళ్ళు సైకిలు మీద కూచునే అన్నం తింటారు.

అలాగని ఆ జీపుని ఎవరూ ఏమీ అనలేరు. తారురోడ్డు నుంచి ఊళ్ళోకి మూడు కిలోమీటర్లు ఇసక. అటూ ఇటూ సరుగుడు తోటలు, మధ్యలో వానొస్తే పొంగే వాగు, ఒక గెడ్డ. ఆటో వస్తే చక్రాల దాకా, మోటారు సైకిలు వస్తే హేండిలు దాకా, కొత్తల్లుడు వస్తే మోకాళ్ళ దాకా కూరుకుపోవలసిందే. కూరుకుపోనిది ఒక్క గంగులు జీపే. నీటిపారుదల వాళ్ళు పాతికేళ్ళు వాడి వాడి వేలం వేస్తే పాడుకున్నాడు. చేపల తట్టలు, రోగులు, చుట్టాలు, గేసు సిలిండర్లు, అమ్మవారి పండక్కి మేకపోతు, అన్నీ అందులోనే ఊరు దాటాలి. ఇసకలో దిగేముందు నాలుగు చక్రాల గాలీ సగం తీసేస్తాడు. తారురోడ్డు ఎక్కాక మళ్ళీ నింపుతాడు. టైరు మెత్తబడితే ఇసక మీద పిల్లిలా నడుస్తుందని సిద్ధాంతం. ఇది మాత్రం నిజమే.

ఈ గాలి నింపడం దగ్గరే చిన్నతల్లి ఫ్రిజ్జు చచ్చిపోయింది.

చిన్నతల్లి గంగులు భార్య, త్రినాథ్ అక్క. కొత్త ఫ్రిజ్జు వచ్చిన పన్నెండో రోజు ఆవిడ పుట్టింటికి వెళ్ళివచ్చేసరికి, ఫ్రిజ్జు వంటింట్లోనే ఉంది గానీ దాని వీపు ఖాళీగా ఉంది. నల్లటి కంప్రెసరు ముద్ద జీపు వెనక కూచుని, పాత ఇన్వర్టరు మీద గుర్రుగుర్రుమంటూ టైర్లకి గాలి కొడుతోంది.

"ఏటిది?" అంది చిన్నతల్లి.

"ఫ్రిజ్జు పోయిందే. నిన్న పొద్దున్న సూత్తే సప్పుడు నేదు, లైటు నేదు. పోయిన దాన్ని ఉంచుకుని ఏటి సేస్తామని ఇప్పేసాను."

"నిన్న ఊరంతా కరెంటు పోయిందట కదా?"

గంగులు చాలాసేపు కంప్రెసరు వైపు చూశాడు. "అదా!" అన్నాడు చివరికి. "నానూ అనుకున్నాను, ఇంత కొత్తది ఎలగ పోతాదని."

ఆ రోజు నుంచీ ఆ ఫ్రిజ్జులో చిన్నతల్లి చీరలు పెట్టుకుంటోంది.

హారను కథ ఇంకోటి. పెళ్ళిళ్ళకి మైకులు అద్దెకిచ్చేవాడి దగ్గర ఒక పాత లౌడుస్పీకరు గొట్టం దొరికింది. దాన్ని జీపు నెత్తిన బిగించి, సరుగుడు తోటలో దారికడ్డంగా పడుకున్న గేదె మీద మొదటిసారి మోగించాడు. గేదె చెవి కూడా కదపలేదు. ఊరు మాత్రం కదిలింది. ఎప్పుడో తుఫాను రోజుల్లో విన్న అలాంటి మోతే జ్ఞాపకం వచ్చి, జనం పిల్లల్నీ కోళ్ళనీ చంకనేసుకుని తుఫాను షెల్టరులోకి పరిగెత్తారు. గంగులు ఊళ్ళోకి వచ్చేసరికి ఒక్క పిట్ట లేదు. ఆయన కూడా భయపడి, "ఏటో పెద్దదే వస్తన్నాది" అనుకుని జీపు తీసుకుని షెల్టరుకే వెళ్ళాడు. సాయంత్రం దాకా అందరూ కలిసి తుఫాను కోసం ఎదురు చూశారు. ఆకాశం అద్దంలా ఉంది.

ఇలా రాజ్యం చేస్తున్న జీపుకి ఒకనాడు ఫిట్‌నెస్ కాగితం గడువు తీరింది.

శ్రీకాకుళం తీసుకెళ్ళి బ్రేకు ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. గంగులు జీపుని కడిగాడు, పసుపు రాశాడు, నిమ్మకాయ కట్టాడు. త్రినాథ్ ముందు సీట్లో ఎక్కాడు. ఆ సీటు ఒక మంగలి షాపు ఎత్తేస్తుంటే తెచ్చిన తిరుగుడు కుర్చీ. మలుపు వచ్చినప్పుడల్లా త్రినాథ్ ఒక చుట్టు తిరిగి, వెనకాల దారి చూసి, మళ్ళీ ముందుకి వస్తుంటాడు. శ్రీకాకుళం చేరేసరికి అతనికి రెండు శ్రీకాకుళాలు కనిపించాయి.

ఇన్‌స్పెక్టరు నరసింగరావు సన్నటి మనిషి, కళ్ళజోడు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. మూడోసారి మొదలెడుతుంటే త్రినాథ్, "ప్రదక్షిణాలు మూడు సాలండి బాబూ. కొబ్బరికాయ తెమ్మంటారేటి?" అన్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"జీపండి," అన్నాడు గంగులు.

"జీపెక్కడ? నాకు కనపడదేం? ఈ గొట్టం ఏమిటి?"

"గెడ్డ పొంగినప్పుడు ఇంజను ఊపిరి పీల్సుకోడానికండి."

"దాని నెత్తిన చెంబు?"

"వానొస్తే ఊపిరిలోకి నీల్లెల్లకుండానండి."

"చెంబుకి బొట్టేమిటి?"

"అది మా ఇంటిది పూజ సెంబండి. ఇంకా పెడతన్నాదండి, సుక్రవారం సుక్రవారం."

"ఈ టైర్లు ఈ బండివి కావు కదా?"

"కావండి. ఎడల్పుగా ఉంటే ఇసకలో దిగిపోవండి."

నరసింగరావు రాయడం మొదలుపెట్టాడు. కాగితం ఇటువైపు నిండింది, అటువైపు నిండింది, ఇంకో కాగితం తెప్పించాడు. మధ్యలో ఆయన వేలు చూసీచూడక లౌడుస్పీకరు మీటకి తగిలింది. ఆఫీసులో ఉన్న గుమాస్తాలందరూ ఫైళ్ళతో సహా బయటికి వచ్చారు.

జనం సర్దుకున్నాక ఆయన చాలా మెల్లిగా చెప్పాడు. "చూడు గంగులూ. కంపెనీ పెట్టినవి ఉంచు. నువ్వు పెట్టినవి తీసెయ్. పది రోజుల్లో మళ్ళీ తెచ్చి చూపించు. అప్పటికీ ఇలాగే ఉంటే రిజిస్ట్రేషను రద్దు చేస్తాను. బండి తుక్కుకి వెళుతుంది."

గంగులు జీపుని ఊరి దారి పట్టించాడు. ఏడురోడ్ల కూడలి దాటాక పాత ఇనుము కొట్టు ఒకటుంది. ఆ కొట్టు ముందు ఆగకుండా ఆయన పదిహేనేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు గుమ్మంలోనే నిగనిగలాడే కొత్తరకం నిచ్చెన ఒకటి నిలబెట్టి ఉంది. గంగులు తల తిప్పలేదు.

అప్పుడు భయం వేసింది త్రినాథ్‌కి. కుర్చీలో తిరుగుతూనే, "బావా, నిచ్చెన," అన్నాడు. "మడత నిచ్చెన. సూడలేదేటి?"

"ఏటి సేస్తాం," అన్నాడు గంగులు. "ఏటికి బిగిస్తాం?"

ఊళ్ళో మాత్రం కబురు తెలియగానే పండగే. పోయిన వస్తువులన్నీ వచ్చేస్తాయని జనం జీపు చుట్టూ చేరారు. "నా సైకిలు గంట!" అన్నాడొకడు. "మా రేడియో కడ్డీ!" అన్నాడు ఇంకొకడు. చిన్నతల్లి పీట వేసుకుని కూచుంది. "ముందు నా సెంబు. తరవాత నా కంపెసరు. ఆ తరవాత ఎవులిదైనా."

గంగులు సంచీలోంచి పానా తీశాడు. వెనక్కి వెళ్ళి వంగి, అన్నిటికంటే కిందున్న బోల్టు మీద పెట్టి ఒక తిప్పు తిప్పాడు.

"ఏటిరా అది ఊడదీస్తన్నావు?"

జగ్గమ్మ గొంతు అది. డెబ్భై ఏళ్ళ మనిషి. రోజూ చేపల తట్టతో ఆ జీపులోనే శ్రీకూర్మం బజారుకి వెళుతుంది.

"మెట్టత్తా. నాను పెట్టింది. తీసీమన్నారు."

"తీసేత్తే నానెలగెక్కాలి?"

"అందరూ ఎక్కినట్టే."

"అందరికీ నా మోకాల్లున్నాయేటిరా?" అని, తట్ట దించి, జగ్గమ్మ వచ్చి ఆ మెట్టు మీదే కూచుంది. కూచున్నాక కిందికి వంగి మెట్టునీ నేలనీ చూసింది. జానతో కొలిచింది. తన మోకాలు ఎత్తి చూసుకుంది. మోకాలు సరిగ్గా ఒక జానెడు లేచింది, అంతకు మించి లేవలేదు. మెట్టు నేలకి సరిగ్గా జానెడు ఎత్తులో ఉంది.

"ఒలమ్మ ఒలమ్మ!" అంది జగ్గమ్మ. "ఇది ముందర లేదు. నా మోకాలికి వాపొచ్చిన ఏడే వచ్చింది."

"ఆ ఏడు పాత పలక ఒకటి దొరికిందిలే," అన్నాడు గంగులు. "లెగత్తా."

"లెగను."

సరేలెమ్మని ఆయన లోపలికి దూరి, పక్కగా వాలుగా బిగించిన పొడుగు బల్ల దగ్గరికి వెళ్ళాడు. పడవల్లో వాడే తేలుడు దిమ్మ ఒకటి దాని కొసన తలగడలా ఉంటుంది. పానా పెట్టీ పెట్టకముందే రాముడు చెయ్యి అడ్డం పెట్టాడు. రాముడికి కిడ్నీ జబ్బు. సోమవారం, గురువారం ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తాడు.

"గంగులూ, అది ఒగ్గీరా, ఇప్పకు," అన్నాడు. "ఎల్లినప్పుడు అందరితో కూకునే ఎల్తాను గానీ, వచ్చినప్పుడు కూకోలేను. ఆ బల్ల మీదే వస్తాను నాను. ఇన్నాళ్ళూ అది సేపల బల్లనుకున్నాను. మరి దాని మీద ఎప్పుడూ సేపలు పెట్టనీవేటిరా నువ్వు?"

గంగులు వినబడనట్టు పైకి చూశాడు. పైన, రేకుకి ఒక మూల బొటనవేలంత బల్బు. అది కాలేజీ పిల్ల శ్రావణి కూచునే మూల.

"మావయ్యా, అది తీసేత్తే నా సెమిస్టరు పోతాది," అంది శ్రావణి. "ఇంట్లో మా తమ్ముల గోలలో ఏటీ సదవను. తెల్లారగట్ల బండిలో సదివిందే నా సదువంతా."

అప్పటికి జనంలో గోల తగ్గింది. సైకిలు గంటవాడు మెల్లిగా వెనక్కి జరిగాడు. ఇసకలపేటకి సునామీ హెచ్చరికలు వచ్చాయి గానీ, త్రినాథ్ నోటివెంట మాట రాకపోవడం అదే మొదలు.

అంతలో రమేష్‌బాబు గంగులు భుజం మీద తట్టాడు. వార్డు మెంబరు, ఇస్త్రీ బట్టలు. నడిసముద్రంలో మూడు రోజులు తిండి లేకుండా తుఫానుతో పోట్లాడి వచ్చానని ప్రతి మీటింగులోనూ చెబుతాడు.

"గంగులూ, ఒక్కసారి పక్కకి రా."

"ఇక్కడే సెప్పు మెంబరూ, బోల్టు సగంలో ఉన్నాది."

"ఆ కిటికీ పక్కన... మూతది... ఉన్నాది కదా."

"బొక్కెనా?"

"మెల్లగా అనరా!"

"బొక్కెన నీదేటి మెంబరూ?" అని ఊరంతా ఒక్కసారి అడిగింది.

రమేష్‌బాబు చొక్కా కాలరు సర్దుకున్నాడు. "సముద్రం మీద నాకేటవ్వదు," అన్నాడు. "ఎంత అలైనా రానీ. ఈ జీపే. ఇసక మీద ఊగితే నాకు... ఇదవుతాది. నాను అడగలేదు. ఎవులికీ సెప్పలేదు. రెండోసారి ఎక్కేసరికి నా పక్కన బొక్కెన ఉన్నాది. దాని మీద మూతా ఉన్నాది."

చిన్నతల్లి పీట మీంచి లేచింది. అందరి ముఖాలూ చూసింది, మొగుడి ముఖం చూసింది.

"అందరికీ బిగించావు. మరి నాకేటి బిగించావు?"

గంగులు ఆలోచించాడు. "నీకు ఫ్రిజ్జు కొన్నాను కదే."

"అది ఇప్పేసావు కదా!"

"కొన్నాక కదా ఇప్పాను."

నవ్వులు తగ్గాక గంగులు పానా కింద పెట్టి జగ్గమ్మ ముందు కూచున్నాడు. "అత్తా, ఇనుకో. ఇయ్యన్నీ ఉంటే బండి ఉండదు. బండే నేకపోతే, మెట్టెక్కి ఎక్కడికెల్తావు?"

ఆ మాటకి జవాబు జగ్గమ్మ దగ్గర ఉంది. పానా తీసుకుని గంగులు చేతిలో పెట్టింది. "అయితే ఇప్పు. ఇప్పి నాకియ్యి. నా మెట్టు నానే మోస్తాను. ఆ బాబు సూసేసి కాగితం ఇచ్చీసాక, ఆల్ల గుమ్మం బయిటే మల్లీ పెట్టీ. పెట్టినోడివి నువ్వే, ఇప్పినోడివి నువ్వే. సట్టం ఏటంటాది?"

చట్టం చాలా అంటుంది గానీ, జగ్గమ్మ మాటకి అడ్డం చెప్పే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

పదో రోజు పొద్దున్న జీపు బయటపడింది. తిరుపతి వెళ్ళి గుండు చేయించుకొచ్చిన మనిషిలా ఉంది. చెంబు లేదు, గొట్టం లేదు, దుంగ లేదు, వెడల్పు టైర్లు లేవు. కంపెనీ ఇచ్చిన సన్నటి టైర్లు ఎక్కడో అటక మీంచి దింపి వేశాడు. తన జీపు ఆకుపచ్చ రంగుదని గంగులుకి ఆ రోజే తెలిసింది.

స్టార్టు చేశాడు. నలభై అడుగులు నడిచింది. తర్వాత అచ్చం కొత్తల్లుడిలా ఇసకలో దిగి కూచుంది.

"ఇంక ఇది కదలదు," అన్నాడు గంగులు. మధ్యాహ్నం లోపల శ్రీకాకుళంలో చూపించకపోతే బండి తుక్కే. స్టీరింగు మీద తల పెట్టేశాడు.

"కదలకపోవడమేటిరా?" అంది జగ్గమ్మ. "పడవలు కదలట్లేదేటి?"

అంతే. నలభైమంది మగాళ్ళు లుంగీలు ఎగగట్టారు. పడవల కింద వేసే గుండ్రటి దుంగలు వచ్చాయి, తాళ్ళు వచ్చాయి. ముందు దుంగ మీద చక్రాలు ఎక్కించి, వెనక దుంగ తీసి మళ్ళీ ముందు వేస్తూ, "హైలేసా!" అని ఒక్క కేక వేశారు. జీపు కదిలింది. అరగంట కష్టపడతామనుకున్న దూరం అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఇంత సులువా అని అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఇంకో కేక, ఇంకో ఊపు. అప్పుడు గంగులు పాదాలకి చల్లగా తగిలింది.

"ఒరే, ఆగండ్రా!" అని అరిచాడు. "రోడ్డు అటురా!"

తాతల నాటి నుంచీ ఆ దుంగలు వేసి, ఆ కేక వేసి, ఎటు తొయ్యడం అలవాటో ఆ కాళ్ళు అటే తోశాయి. ముందు చక్రాలు అలలో ఉన్నాయి. ఇంకో నాలుగు హైలేసాలైతే జీపు వేటకి వెళ్ళిపోయేది.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నాడు జీపులోంచి రమేష్‌బాబు. "వికారం రాలేదు."

వెనక్కి తిప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మూడు కిలోమీటర్లూ తోశారు. సరుగుడు తోటలో గేదె మళ్ళీ దారికడ్డంగా పడుకుని ఉంది. గేదెనీ నలుగురు పక్కకి మోశారు. సగం దూరం వెళ్ళాక త్రినాథ్ బుర్రలో ఒక సంగతి మెరిసింది. అన్నీ బిగించి ఉన్న జీపునే హాయిగా నడుపుకుంటూ తారురోడ్డు దాకా వచ్చి, అక్కడ విప్పుకుంటే సరిపోయేది కదా! నోరు తెరిచాడు. చెమటలు కక్కుతున్న నలభైమందినీ చూశాడు. ఈ మాట అంటే మిగిలిన దూరం తననే దుంగ చేసి వేస్తారని అర్థమై, నోరు మూసుకుని "హైలేసా" అన్నాడు.

జీపు తారురోడ్డు ఎక్కిన క్షణాన వేసిన కేక శ్రీకూర్మంలో వినబడిందంటారు. గంగులు స్టీరింగు దగ్గర నిలబడి చుట్టూ చూశాడు. ఒకరి భుజాన బల్ల, ఒకరి చేతిలో బొక్కెన, ఇద్దరి మధ్య టైరు, చిన్నతల్లి నెత్తిన ఇత్తడి చెంబు. అమ్మవారికి ఘటాలు తీసుకెళుతున్నట్టు వరసగా శ్రీకాకుళం బస్సెక్కారు; గంగులు ఖాళీ జీపుతో ముందు నడిచాడు.

"ఆ చెక్కేమిటమ్మా, లగేజీ టిక్కెట్టు కొట్టాలి," అన్నాడు కండక్టరు.

"ఆడోల్లకి ఫ్రీ కదా నాయనా," అంది జగ్గమ్మ. "ఇది ఆడోల్ల మెట్టు."

నరసింగరావు గుండు జీపు చుట్టూ ఒక్కసారే తిరిగాడు. బ్రేకు చూశాడు, లైట్లు చూశాడు, కంపెనీవాడిచ్చిన చిన్న హారను మోగించి నిట్టూర్చాడు. "ఇదీ బండంటే," అని సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితం చేతికిచ్చాడు. గంగులు దాన్ని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

అంతా అక్కడితో అయిపోయేదే. కానీ నరసింగరావుకి పదకొండున్నరకి గేటు బయట టీ తాగే అలవాటుంది. ఆయన బయటికి వచ్చేసరికి, జీపు ఎక్కడా కనబడటం లేదు. టీ కొట్టు పక్కన నలభైమంది మూగి ఉన్నారు. మధ్యలోంచి ఒక గొట్టం లేచింది. గొట్టం మీదికి బొట్టు పెట్టిన చెంబు ఎక్కింది.

"గంగులూ!"

మూగినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. గంగులు చేతిలో పానా, పానా చివర బోల్టు, బోల్టు కింద జగ్గమ్మ మెట్టు.

"నేను కాగితం ఇచ్చింది ఈ బండికి కాదు. ఇలా ఇయ్యి ఆ కాగితం."

గంగులు కాగితం జేబులోంచి తీశాడు. అడ్డం వచ్చింది జగ్గమ్మ. "బాబూ, బండి అదే. ఇయ్యన్నీ మా సామాన్లు. మా సామాను మా బండిలో పెట్టుకుంటే తప్పేటి?" ఆవిడ మోకాలు చూపించింది. రాముడు చెయ్యి మీది సూది గుర్తులు చూపించాడు. శ్రావణి మార్కుల కాగితం చూపించింది. రమేష్‌బాబు బొక్కెన వెనక దాచుకున్నాడు గానీ, జనం లాగి చూపించారు.

నరసింగరావు టీ చల్లారిపోయింది. ఆయన ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. చాలాసేపు మెట్టు దగ్గరే ఉన్నాడు. ఆఖరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బోల్టు వేసి బిగిస్తే అది బండిలో మార్పు. మార్పుకి నేను ఒప్పుకోను," అన్నాడు. "సామాను అనుకో. సామాను తాడుతో కట్టుకుంటారు. ఊడకుండా, ఎవరికీ తగలకుండా కట్టిన సామాను గురించి నేనేం రాయను. ఆ టైర్లు తారురోడ్డు మీద నాకు కనబడకూడదు, ఇసక దగ్గరే మార్చుకో. ఇక ఆ లౌడుస్పీకరు మాత్రం, బోల్టు వేసినా, తాడు కట్టినా, దారం కట్టినా ఊరుకోను. ఇలా తే."

తాడు! వలలు అల్లే ఊరిని పట్టుకుని తాడు కట్టమన్నాడు మహానుభావుడు. బోల్టులన్నీ టీ కొట్టు బల్ల మీద కుప్ప పడ్డాయి. నలభై జతల చేతులు జీపు మీద పడ్డాయి. పెనుగాలికి లంగరు ఊడకుండా వేసే ముడులు, అల కొట్టేకొద్దీ బిగిసే ముడులు, వేసినవాడు తప్ప ఇంకొకడు విప్పలేని ముడులు పడ్డాయి. పావుగంటలో మెట్టు, బల్ల, బొక్కెన ఎక్కడివక్కడ కూచున్నాయి. జగ్గమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఊపి చూసింది. బోల్టు ఉన్నప్పటి కంటే గట్టిగా ఉంది. జనం ఈలలు వేశారు. నరసింగరావు రెండో టీ చెప్పి, జీపుకి వీపు తిప్పి తాగాడు. భుజాలు మాత్రం నవ్వుతున్నాయి.

టీ కొట్టు ముందు కొత్త జనం చేరారు. ఇంతసేపూ దాచుకున్న మాటలన్నీ త్రినాథ్‌కి ఒక్కసారి తన్నుకొచ్చాయి. బల్ల ఎక్కి నిలబడ్డాడు.

"ఎవులనుకున్నారు మా బావంటే? మనిసి కాదు, దేముడు! జగ్గమ్మత్త మోకాలు నొప్పి ఆయన గుండెల్లో నొప్పి! రాముడు మూలిగితే ఆయనకి ముద్ద దిగదు! రాత్రులు నిద్దర మానేసి, ఒక్కొక్కల కట్టం తలుసుకుని తలుసుకుని, ఏడిసి ఏడిసి, ఒక్కొక్కటీ..."

జీపు కిందనుంచి గంగులు తల బయటికి పెట్టాడు. ముక్కు మీద గ్రీజు ఉంది.

"ఎవులూ ఏడవలేదు. ఎక్కినోల్లు మూలుగుతుంటే ఇంజను సప్పుడు ఇనపడదు. ఇంజను సప్పుడు ఇనపడకపోతే ఎక్కడ తేడా వచ్చిందో తెలీదు. అందుకని పెట్టాను. ఆ తాడు కొస ఇలగియ్యి."